లీటరుకు 26.5 అన్నారు, 20.8 వచ్చింది: సిటీ హైబ్రిడ్‌తో 71 వేల కిలోమీటర్లు

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులకు స్పేర్లు అమ్ముతాం. రబ్బర్ రోల్స్, జల్లెడలు, ఎలివేటర్ బెల్టులు, బేరింగులు. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాను. కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట, అప్పుడప్పుడు వనపర్తి, గద్వాల దాకా. నెలకు రెండుసార్లు సరుకు కోసం హైదరాబాద్. పదకొండేళ్లు డీజిల్ సెడాన్ నడిపాను. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. ఆటోమేటిక్ కావాలి, మైలేజీ మాత్రం డీజిల్‌లాగే ఉండాలి అని వెతుకుతుంటే 2022 మే నెలలో పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హోండా సిటీ హైబ్రిడ్ వచ్చింది. జూన్‌లో ఇంటికి తెచ్చుకున్నాను.

పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ రాసుకుంటాను. షాపులో ఉద్దెర ఖాతా రాసే అలవాటు, ఊరికే పోదు కదా. ఆటో కట్ అయ్యేదాకా, అంటే పంపు తనంతట తానే ఆగేదాకా నింపడం, ట్రిప్ మీటర్ జీరో చేయడం, మళ్లీ ఆటో కట్ దాకా నింపి భాగించడం. స్క్రీన్ మీద బండి చూపించే అంకె కంటే ఈ లెక్కలో లీటరుకు ఒకటి, ఒకటిన్నర ఎప్పుడూ తక్కువే వచ్చింది. స్క్రీన్ ఫొటో తీసి స్టేటస్ పెట్టేవాళ్ల మైలేజీని అందుకే నేను నమ్మను.

ముందు రేటు సంగతి. ఎక్స్-షోరూం, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కాక, 19.49 లక్షలు. అప్పట్లో ఈ బండి మీద జీఎస్టీ 28 శాతం, సెస్సు 15 శాతం, మొత్తం 43. అంటే ఆ 19.49లో బండి అసలు ధర 13.63 లక్షలు, మిగతా 5.86 లక్షలు పన్ను. ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌లో ఒక్కసారే కట్టే మన తెలంగాణ లైఫ్ టాక్స్. పది నుంచి ఇరవై లక్షల బండికి అప్పుడు 17 శాతం, అంటే ఇంకో 3.31 లక్షలు. రెండూ కలిపితే పన్నులే 9.17 లక్షలు! ఇన్సూరెన్సు కట్టి, పది లక్షలు దాటిన బండికి షోరూంవాళ్లే ముందుగా పట్టే ఒక శాతం ఆదాయపు పన్ను, టీసీఎస్ కూడా కలిపితే 24 లక్షల దగ్గర తేలింది. ఆ టీసీఎస్ మాత్రం రిటర్న్ వేసేటప్పుడు లెక్కలో చూపించుకోవచ్చు. మా ఆడిటర్ చెప్పేదాకా నాకూ తెలియదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు తీసేసి ఈ సైజు బండ్లన్నిటికీ 40 శాతం చేశారు. పూర్తి ఎలక్ట్రిక్ బండికి అప్పుడూ ఇప్పుడూ 5 శాతమే. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో నాలాంటి, మోటారు మీదే కూడా నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. మన దగ్గర అదే ఏడాది నవంబర్‌లో మాఫీ ఇచ్చినప్పుడు ఎలక్ట్రిక్ బండ్లకే ఇచ్చారు. మిల్లు సేట్లు నన్ను "కరెంటు బండి కొన్నవ్ కదా, టాక్స్ లేదంట కదా" అని అడిగినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇక మైలేజీ. బండ్లను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఇచ్చిన సర్టిఫికెట్ ప్రకారం లీటరుకు 26.5 కిలోమీటర్లు. నా లెక్కలో 71 వేల కిలోమీటర్ల సగటు 20.8. ఇందులో మోసం ఏమీ లేదు. ఆ పరీక్ష రోలర్ల మీద, ఏసీ ఆపేసి చేస్తారు. ఎక్కువ భాగం ఆగుతూ కదులుతూ నెమ్మదిగా సాగుతుంది, చివర్లో కాసేపు వేగం పెంచినా 90 దాటదు. హైబ్రిడ్‌కు కావలసింది సరిగ్గా అలాంటి నడకే. నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రాలను మోటారే తిప్పుతుంది, ఇంజిన్ ఆగి ఉంటుంది, లేదంటే కరెంటు తయారు చేస్తుంది. బ్రేక్ వేస్తే ఆ ఊపు మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. హైవే మీద వంద దగ్గర నిలకడగా పోతుంటే ఇంజిన్ క్లచ్ ద్వారా నేరుగా చక్రాలకు కలిసిపోతుంది. అప్పుడిది మామూలు పెట్రోల్ బండే. బ్రేకే పడనప్పుడు బ్యాటరీకి వచ్చేదేముంటుంది?

నా రోడ్ల మీద ఏది ఎంత వచ్చిందో చెప్తాను. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్‌కు ఏసీ వేసుకుని 95, 100 మధ్య పోతే 19 నుంచి 20. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని "మెల్లగ పోనీ" అన్న రోజు 80 దాటకుండా పోతే 23. ఎల్బీ నగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, కోఠి ట్రాఫిక్‌లో గంటన్నర నలిగితే 24, ఒక్కోసారి 25. మొదటిసారి చూసినప్పుడు లెక్క తప్పానేమో అనుకుని మళ్లీ భాగించాను. అందరికీ మైలేజీ పడిపోయే చోట దీనికి పెరుగుతుంది. ఒక నెల మా బామ్మర్ది కూకట్‌పల్లిలో నడిపి 25 తెచ్చాడు. నేను మూడేళ్లలో ఏ నెలా తేలేదు. అన్నిటికంటే అధ్వానం మే నెలలో మిర్యాలగూడలోనే ఇంటి నుంచి షాపుకు, షాపు నుంచి బ్యాంకుకు రెండేసి కిలోమీటర్లు తిరగడం. 44 డిగ్రీల ఎండలో ఏసీ కంప్రెసర్ బ్యాటరీని తోడేస్తుంటే ఇంజిన్ ఊరికే లేస్తూ ఉంటుంది. 17 వచ్చింది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ కదా, దానితో ఇంకో ఒకటి తగ్గినట్టే నా పుస్తకం చెప్తోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, తగ్గకుండా ఎట్లా ఉంటుంది?

డబ్బు లెక్క చూస్తే నాకే నవ్వొస్తుంది. కొన్న ఏడాది హైదరాబాద్‌లో పెట్రోల్ 109.66, డీజిల్ 97.82. మా పాత డీజిల్ బండి 19 ఇచ్చేది, కిలోమీటరుకు 5 రూపాయల 15 పైసలు. కొత్త హైబ్రిడ్‌కు 5 రూపాయల 27 పైసలు. ఇరవై నాలుగు లక్షలు పెట్టి కిలోమీటరుకు 12 పైసలు పెంచుకున్నాను. ఇంట్లో ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు.

పెట్రోల్ ఆటోమేటిక్‌తో పోల్చడమే న్యాయం అంటారా, సరే. సూర్యాపేటలో మా సడ్డకుడికి అదే సిటీ పెట్రోల్ ఆటోమేటిక్ ఉంది. దాని సర్టిఫికెట్ 18.4, ఆయనకు వచ్చేది 15. అంటే నాకు కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులుతున్నాయి. 71 వేల కిలోమీటర్లకు లక్షా నలభై వేలు. కానీ అప్పట్లో రెంటికీ రేటు తేడా నాలుగు లక్షల పైనే, దాని మీద 17 శాతం లైఫ్ టాక్స్ వేరే. తక్కువలో తక్కువ 4.68 లక్షలు తిరిగి రావాలంటే 2 లక్షల 34 వేల కిలోమీటర్లు నడపాలి. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. ఏది ముందైతే అది.

అయితే ఆ తేడా అంతా మైలేజీకి కట్టింది కాదు. ముందు బండిని చూసి తనంతట తానే బ్రేక్ వేసే కెమెరా అప్పట్లో హైబ్రిడ్‌కే ఉండేది. మా దగ్గర యాసంగి వడ్లు వచ్చాయంటే సగం రోడ్డు కల్లమే. చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రి నల్ల కవరు కప్పి వెళ్లిపోతారు. కెమెరా ఆ కుప్పల్ని ఏనాడూ పట్టలేదు, నిజం చెప్పాలి. లైట్లు లేకుండా ముందు పోతున్న ట్రాలీని మాత్రం హాలియా దగ్గర ఒక రాత్రి నాకంటే ముందు చూసింది.

డిక్కీ సంగతి కొనేముందే తెలుసు, అయినా లోకువగా తీసుకున్నాను. పెట్రోల్ సిటీకి 506 లీటర్లు, దీనికి 306. మిగతాది బ్యాటరీ తినేసింది. రబ్బర్ రోల్స్ పెట్టెలు నాలుగు పెడితే నిండిపోతుంది, బెల్టు చుట్ట వెనక సీట్లో కూర్చుంటుంది. ఇప్పుడు పెద్ద సరుకంతా ట్రాలీ ఆటోలో పంపిస్తున్నాను. ఆ కిరాయి పైన చెప్పిన లెక్కలో లేదు.

పిల్ల దగ్గరికి పోయి నెల రోజులకు తిరిగొస్తే బండి చచ్చినట్టు పడి ఉంది. పెద్ద బ్యాటరీలో చార్జింగ్ ఉన్నా, బండిని లేపేది మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. అది దిగిపోతే తాళం కూడా పలకదు. మా మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలి ఆరెంజ్ రంగు వైర్లు చూసి, "అన్నా, ఇవి ముట్టను, షాక్ కొడితే నా పిల్లల్ని నువ్వు సాకుతవా" అని మూసేశాడు. చివరికి జంపర్ వైర్లతో లేచింది. ఊరికి పోతే ఇప్పుడు తమ్ముణ్ని వారానికోసారి అరగంట స్టార్ట్ చేసి ఉంచమంటున్నాను.

ఇన్ని చెప్పినా ఈ బండి అమ్మను. పోయిన కార్తీకంలో శ్రీశైలం పోయాం. తెల్లవారకముందే బయలుదేరి దేవరకొండ, డిండి మీదుగా, రాత్రి మూసి ఉంచే అడవి చెక్‌పోస్టు మన్ననూర్ గేటు ఆరింటికి తీసేసరికి అక్కడున్నాం. అడవిలో చాలా దూరం మోటారు మీదే, చప్పుడు లేకుండా పోయింది. వెనక మా అమ్మ "బండి ఆగిందా?" అని రెండుసార్లు అడిగింది. దోమలపెంట దాటాక ఘాట్ దిగుతుంటే స్టీరింగ్ వెనక ప్యాడిల్ లాగితే చాలు, మోటారే బండిని నెమ్మది చేసి బ్యాటరీ నింపుతుంది, కాలు బ్రేక్ మీదికి పోయే పనే తక్కువ. కాసేపటికి బ్యాటరీ నిండింది, ఇంజిన్ ఒక్కసారి గట్టిగా అరిచింది. భయపడ్డాను. ఇక నింపుకునే చోటు లేక ఇంజిన్‌తో బండిని పట్టి ఉంచుతోందని తర్వాత తెలిసింది. ఎక్కేటప్పుడు 14 వచ్చింది, అది వేరే సంగతి. ఇంటికొచ్చేసరికి మోకాలు నొప్పి లేదు.

మొన్న ఒక మిల్లు సేటు క్యామ్రీ హైబ్రిడ్ తీసుకుందామనుకుంటున్నానని వచ్చాడు. 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడు అది 48 లక్షలు ఎక్స్-షోరూం, సర్టిఫికెట్ 25.49. "అంత పెద్ద బండికి అంత మైలేజీ అంటే గిట్టుబాటే కదనే" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను. "సేటు, నెలల ఎన్ని రోజులు ఎల్బీ నగర్ దాటి లోపలికి పోతవ్?"

"నేనెందుకు పోత, డ్రైవర్ పోతడు" అన్నాడు.