రాజ్యం పోయిన రాకుమారుడికి ఏ దారి మేలు: సొంత కత్తా, పరాయి సైన్యమా, ఇంటి సామంతులా?

రాజ్యం పోగొట్టుకుని పరాయి పంచన చేరిన రాకుమారుల చరిత్ర పాఠంగా చెప్పినప్పుడల్లా విద్యార్థులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. బాబరు లాగా తన కత్తిని తాను నమ్ముకోవడం మేలా, హుమాయూన్ లాగా పొరుగు రాజును అడిగి సైన్యం తెచ్చుకోవడం మేలా, లేక మార్వాడ్‌లో, అంటే రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ రాజ్యంలో జరిగినట్టు పసివాడైన వారసుణ్ణి దాచిపెట్టి అతని తరఫున సామంతులే పోరాడటం మేలా? తెలుగువాళ్ల తరగతి కనుక గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సంగతి కూడా ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. ఈ నలుగురి కథలూ స్థూలంగా అందరికీ తెలిసినవే కాబట్టి, వాటిని మొదటినుంచీ చెప్పకుండా పోలికకు అవసరమైన ఘట్టాల దగ్గర మాత్రమే ఆగుతాను.

ఇలాంటి పోలికలు చేసేవారు సాధారణంగా సైన్యం ఎంత, ఎన్నేళ్లు పట్టింది, చివరకు గెలిచాడా ఓడాడా అన్న మూడు లెక్కలు చూస్తారు. నేను అన్నిటికంటే ముందు చూసేది వేరొకటి ఉంది. కోట తలుపులు తెరుచుకుని ఆ యువకుడు లోపలికి అడుగుపెట్టిన రోజున అతడు ఎవరికి ఋణపడి ఉన్నాడు? ఆ ఋణం తీర్చవలసిన రోజు తప్పకుండా వస్తుంది. దాన్ని భూమి ఇచ్చి తీర్చాలో, మతం మార్చుకుని తీర్చాలో, ఇచ్చిన మాట తప్పి ఎగవేయాలో అన్నది అప్పు ఇచ్చినవాడు ఎవరన్న దాన్ని బట్టే ఉంటుంది. రాజ్యం దక్కడం కంటే దక్కినది నిలవడం కష్టమని ఈ నాలుగు కథలూ చెబుతున్నాయి కనుక, నాకు ఈ ప్రశ్నే ప్రధానంగా కనిపిస్తుంది.

పరాయి సైన్యం దారిని ముందుగా చూద్దాం. 1540లో షేర్షా చేతిలో ఓడి దేశం విడిచిన నాటికి హుమాయూన్ ముప్పై దాటినవాడే గాని, ఈ దారికి అతనికంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1544లో పారశీక చక్రవర్తి తహ్మాస్ప్ ఆస్థానానికి చేరిన అతనికి ఘనమైన మర్యాదలు జరిగాయి, వాటితో పాటు షియా మతాచారాలను అంగీకరించాలన్న ఒత్తిడీ వచ్చింది. ఇంచుమించు 12,000 మంది ఆశ్వికులను ఇచ్చిన షా, అందుకు ప్రతిఫలంగా కందహారును అడిగాడు. 1545లో కోట పట్టుబడగానే హుమాయూన్ దాన్ని ఒప్పందం ప్రకారం పారశీకులకు అప్పగించాడు. సైన్యంతో వచ్చిన షా కొడుకు, పసి యువరాజు మురాద్ అక్కడే మరణించడంతో, చలికాలంలో తన కుటుంబాన్నీ మనుషులనూ ఉంచుకోవడానికి చోటులేని హుమాయూన్ అదే కోటను ఆ మిత్రుల చేతినుంచే లాక్కున్నాడు. ఈ ఋణం అతనితోనే తీరలేదు. అతడు మరణించిన రెండేళ్లకు, 1558లో, పారశీకులు వచ్చి కందహారును పట్టుకుపోయారు. అక్బరు దాన్ని తిరిగి పొందడానికి 1595 వరకూ ఆగవలసి వచ్చింది. తండ్రి చేసిన అప్పు కొడుకు నెత్తిన పడటమంటే ఇదే.

బాబరు దగ్గర మాత్రం కొంతసేపు ఆగాలి, ఎందుకంటే ఒకే నగరాన్ని మూడుసార్లు మూడు రకాలుగా గెలిచి, మూడుసార్లూ పోగొట్టుకున్న రాకుమారుడు అతనొక్కడే. 1497లో, పధ్నాలుగేళ్ల వయసులో, సమర్కందును మొదటిసారి పట్టుకున్నప్పుడు ఏడు నెలల ముట్టడితో నగరం ఎంతగా చితికిపోయిందంటే, అక్కడి ప్రజలకే విత్తనాలూ అప్పులూ ఇవ్వవలసిన స్థితి వచ్చింది. దోచుకోవడానికి ఏమీ మిగలకపోవడంతో అతని వెంట వచ్చినవారు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇటు తన సొంత రాజ్యమైన ఫర్గానా రాజధాని అండిజాన్‌లో తమ్ముడి పక్షం తిరుగుబాటు చేసింది. అండిజాన్‌ను ఆదుకోవడానికి సమర్కందు విడిచి బయలుదేరేసరికి అండిజాన్ కూడా చేజారిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అన్న మన మాట ఆ ఏటి బాబరుకు సరిగ్గా సరిపోతుంది. ఆ రోజుల్లో తాను ఎంతగా ఏడ్చాడో అతడే తన ఆత్మకథలో దాచుకోకుండా రాసుకున్నాడు.

రెండవసారి, 1500లో, అతని వెంట ఉన్నది 240 మంది మాత్రమే. నగరం ఉజ్బెక్‌ల నాయకుడు షైబానీ ఖాన్ చేతిలో ఉంది, ఖాన్ ఊరి బయట విడిది చేసి ఉన్నాడు. అర్ధరాత్రి డెబ్బై, ఎనభై మంది నిచ్చెనలు వేసుకుని గోడ దాటి, లోపలినుంచి ఫిరోజా దర్వాజాను బద్దలుకొట్టి తెరిచారు. ఆ తరువాత జరిగినదే నా వాదానికి ముఖ్యం. బాబరు వచ్చాడన్న కబురు వీధుల్లో పాకగానే, నిద్ర లేచిన నగరవాసులు కర్రలూ రాళ్లూ పట్టుకుని ఉజ్బెక్ సైనికులను వెంటాడి చంపారు. 240 మంది కత్తులు తలుపు తెరవగలిగాయి, నగరాన్ని గెలిచింది మాత్రం లోపలి జనం. మరుసటి ఏడు సర్-ఇ-పుల్ దగ్గర ఓడి కోటలో చిక్కుకున్నప్పుడు కూడా, గుర్రాలకు మల్బరీ ఆకులు మేపుతూ, మనుషులు కుక్క మాంసం, గాడిద మాంసం తింటూ నెలల తరబడి తట్టుకున్నారు. పొరుగు రాజులెవరూ సాయం పంపలేదు. సోదరి ఖాన్‌జాదా బేగం షైబానీ పాలై, బాబరు రాత్రివేళ కోట విడిచి వెళ్లాడు.

మూడవసారి, 1511లో, అతడు పారశీక చక్రవర్తి షా ఇస్మాయిల్ సైన్యంతో వచ్చాడు. సమర్కందు ప్రజలు మొదట అతణ్ణి పండుగలా ఎదుర్కొన్నారు. కాని సాయానికి బదులుగా అతడు పారశీక ఎర్రటోపీల వేషం ధరించి, మసీదులో పాలకుడి పేరుతో చదివే ఖుత్బా ప్రసంగాన్ని షియా పద్ధతిలో చదివించవలసి వచ్చింది. పదేళ్ల కిందట రాళ్లు పట్టుకుని అతని కోసం పోరాడిన ఊరు, ఆ టోపీని చూసి ముఖం తిప్పుకుంది. 1512లో ఓడిపోయాక బాబరు మళ్లీ సమర్కందులో పాలకుడిగా అడుగుపెట్టలేదు. మనిషీ నగరమూ ఒకటే, మారినది అప్పు ఇచ్చినవాడు మాత్రమే అన్న సంగతిని ఇంత విడమరచి చూపించే ఘట్టం నాకు మరొకటి తెలియదు.

సొంత కత్తి దారికి న్యాయం చేయాలంటే ఒక మాట ఒప్పుకోవాలి. 1504లో హిందూకుష్ దాటేనాటికి బాబరు వెంట రెండు మూడు వందల మంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది కాలినడకన, చేతిలో కర్రతో నడిచారు. అందరికీ కలిపి రెండే గుడారాలు ఉంటే తన గుడారాన్ని అతడు తల్లికి ఇచ్చాడు. ఆ దీనస్థితి నుంచే కాబూలు దక్కింది, అక్కడినుంచే 1526లో ఢిల్లీ దక్కింది. అయితే అవి అతడు వెతుక్కున్న కొత్త రాజ్యాలు. తండ్రి విడిచివెళ్లిన ఫర్గానాను అతడు జీవితంలో తిరిగి పొందలేదు. పోయిన రాజ్యాన్ని తిరిగి సంపాదించడమే ప్రశ్న అయినప్పుడు, ఈ దారిని మేలైనదని నేను అనలేను.

ఇబ్రహీం కుతుబ్ షా కథలో పరాయివారి ఋణమూ, ఇంటివారి ఋణమూ రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల అది మనకు మరింత ఉపయోగపడుతుంది. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్య జరిగి అన్న జంషీద్ గద్దెనెక్కినప్పుడు ఇబ్రహీం దేవరకొండలో ఉన్నాడు. బీదరు మీదుగా విజయనగరం చేరి ఏడేళ్లు అళియ రామరాయల ఆదరణలో గడిపాడు. ఆదరణ అన్న మాట మెత్తగా వినిపిస్తుంది గాని, దాని లోపల ఏముందో చరిత్రకారుడు ఫిరిష్తా చెప్పిన ఒక సంఘటన చూపిస్తుంది. రామరాయలు అతనికి ఇచ్చిన జాగీరు అంతవరకూ అంబర్ ఖాన్ అనే హబ్షీ (అబిసీనియా జాతి) సర్దారుది. తన తిండి లాక్కున్నాడన్న కోపంతో అంబర్ ఖాన్ అతణ్ణి ద్వంద్వయుద్ధానికి పిలిచి, ఆ పోరులో ప్రాణం పోగొట్టుకున్నాడు. శరణార్థి తినే ప్రతి ముద్దా ఎవరో ఒకరి కంచంలోంచి తీసినదే అయి ఉంటుందని ఆ యువకుడు అక్కడే నేర్చుకుని ఉంటాడు.

1550లో జంషీద్ మరణించి, అతని పసికొడుకు పేరిట పాలన మొదలైనప్పుడు ఇబ్రహీంకు తలుపు తెరిచింది గోల్కొండ రాజ్యంలోని అమీర్లూ, కోటలను కాపు కాసే తెలుగు నాయక్‌వాడీలూ. దారిలో కోయిలకొండ దగ్గర ఆ నాయక్‌వాడీలు అతనికి విధేయులమని ప్రమాణం చేశారు. ఆ ప్రమాణాన్ని తెలుగులో శాసనంగా చెక్కించారు. ఒక సుల్తాను రాజ్యప్రాప్తికి తెలుగు రాతి సాక్ష్యం నిలవడం నన్ను ఎప్పుడు చదివినా కదిలిస్తుంది. తరువాతి ముప్పై ఏళ్లలో తెలుగు కవులు అతణ్ణి మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకోవడానికి వెనుక ఈ లోపలి ఋణం కూడా ఉందని నా నమ్మకం. ఇక బయటి ఋణం వేరే రకంగా తీరింది. ఆతిథ్యమిచ్చిన విజయనగరం గోల్కొండ వ్యవహారాల్లో వేలుపెడుతూనే వచ్చింది, యుద్ధాలు వచ్చాయి, సరిహద్దు కోటలు వదులుకోవలసి వచ్చింది. చివరకు 1565 జనవరిలో రక్కసతంగడి యుద్ధభూమిలో ఏడేళ్లు అన్నం పెట్టిన రామరాయలకు ఎదురుగా నిలిచిన సుల్తానులలో ఇబ్రహీం ఒకడు. ఆనాటి రాజకీయాలకు ఎన్నో కారణాలున్నాయని తెలిసినా, ఆ యుద్ధం గురించి చదివినప్పుడు ఆ అన్నమే ముందుగా గుర్తుకొస్తుంది.

మిగిలిన ఉదాహరణలపై ఎక్కువ చెప్పనవసరం లేదు. స్కాట్లండ్‌లో 1745లో ఏడుగురు అనుచరులతో దిగిన, గద్దె పోయిన స్టూవర్ట్ వంశపు వారసుడు ఛార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్, ఫ్రెంచి సైన్యం వస్తుందన్న ఆశతో నడిచి మరుసటి ఏప్రిల్‌లో కలోడెన్ దగ్గర సర్వం కోల్పోయాడు. ఇంగ్లండ్ రెండవ ఛార్లెస్‌ను 1660లో పార్లమెంటే పిలిచింది కనుక అది పోరాటంగా లెక్కకు రాదు. 1794 పద్మనాభ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకుని మన్యం దొరల అండ చేరిన ఉత్తరాంధ్ర విజయనగరం బాలుడు నారాయణబాబుకు తిరిగి దక్కినది ఈస్టిండియా కంపెనీ కింద జమీందారీ మాత్రమే.

నా మొగ్గు మార్వాడ్ వైపేనని ఇంతవరకూ చదివినవారు గ్రహించే ఉంటారు. 1678 చివరలో మార్వాడ్ రాజు జస్వంత్ సింగ్ జమ్రూద్‌లో మరణించేసరికి వారసుడు ఇంకా పుట్టనే లేదు. 1679 ఫిబ్రవరిలో లాహోరులో అజిత్ సింగ్ పుట్టాడు. ఔరంగజేబు జోధ్‌పూర్‌ను స్వాధీనం చేసుకుని, 36 లక్షల రూపాయల కప్పానికి నాగౌర్ ఇంద్రసింగ్‌కు కట్టబెట్టాడు. ఆ జులైలో దుర్గాదాస్ రాఠోడ్, రఘునాథ్ భాటీ మొదలైనవారు ఢిల్లీ వీధుల్లో మొగలాయి సైన్యంతో పోరాడుతూ పసివాణ్ణి దాటించారు. వెనక నిలబడి దారి కాచినవారు అక్కడే చనిపోయారు. పాములవాడి వేషంలో ముకుందదాస్ ఖీచీ బుట్టలో బిడ్డను మోసుకెళ్లాడని మార్వాడీ జనశ్రుతి. తరువాత ఏళ్ల తరబడి సిరోహీ ప్రాంతంలో రహస్యంగా పెరిగిన ఆ బాలుణ్ణి 1687 దాకా సామంతులలో అధికభాగం కళ్లతో చూడనేలేదు. చూడని రాజు కోసం వారు పంటలు వదిలి, ఊళ్లు వదిలి, ఎడారిలో మొగలాయి ఠాణాలపై దాడులు చేస్తూ పోయారు.

వారు పరాయివాడికి అప్పు పడకపోవడమే కాకుండా, శత్రువునే తమకు ఋణస్థుణ్ణి చేసుకున్నారు. తండ్రి ఔరంగజేబుపై తిరగబడి ఓడిన యువరాజు అక్బరు (హుమాయూన్ కొడుకు కాదు, వేరొకడు) తన పిల్లలను మార్వాడ్‌లో వదిలి వెళితే, దుర్గాదాస్ వారిని కంటికి రెప్పలా పెంచాడు. మనవరాలు సఫియతున్నీసాను తిరిగి తాతగారి దగ్గరకు పంపినప్పుడు, ఆమెకు మతవిద్య చెప్పించడానికి ఔరంగజేబు ఏర్పాట్లు చేయబోతే, దుర్గాదాస్ అప్పుడే ఒక ముస్లిం ఉపాధ్యాయురాలిని పెట్టి తనకు ఖురాన్ నేర్పించాడని ఆమె చెప్పిందట. ఆ తరువాతే అజిత్ సింగ్‌కు మన్సబు అనే మొగలాయి హోదా, జాలోర్ జాగీరూ వచ్చాయి.

ఈ దారికి ఉన్న లోపాన్ని దాచను. ఇరవై ఎనిమిదేళ్లు ఇతరులు తన కోసం చనిపోతుండగా పెరిగిన కుర్రవాడికి కృతజ్ఞత భారంగా మారవచ్చు. రాజ్యం స్థిరపడ్డాక అజిత్ సింగ్‌కూ దుర్గాదాస్‌కూ పొసగలేదు. ఆ వృద్ధుడు మార్వాడ్ వదిలి మేవాడ్ చేరి, 1718లో ఉజ్జయినిలో కన్నుమూశాడు. ఆయన స్మారక మంటపమైన ఛత్రీ ఈనాటికీ క్షిప్రానది ఒడ్డునే ఉంది, జోధ్‌పూర్‌లో లేదు. ఇది తలచుకుంటే నాకు మనసు కష్టపెట్టుకోకుండా ఉండటం సాధ్యం కాదు.

అయినా నా తీర్పు మారదు, అందుకు కారణం 1708. ఔరంగజేబు 1707 మార్చిలో మరణించగానే అజిత్ సింగ్ జోధ్‌పూర్‌లోని మొగలాయి సైనికాధికారి ఫౌజ్‌దారును తరిమి కోట పట్టుకున్నాడు. ఏడాది తిరగకముందే కొత్త చక్రవర్తి బహదూర్ షా స్వయంగా దండెత్తి వచ్చి దాన్ని మళ్లీ లాక్కుని, అజిత్ సింగ్‌ను తన దండుతో దక్కనుకు నడిపించాడు. నర్మద దాకా వెళ్లిన అతడు ఆమేరు రాజు జయసింగ్‌తో, దుర్గాదాస్‌తో కలిసి దండు విడిచి ఉదయపురం చేరాడు. అప్పుడు అతని చేతిలో కోట లేదు, ఖజానా లేదు. రాఠోడ్ సామంతులు మాత్రం ఎక్కడివారక్కడే ఉన్నారు. వారు మళ్లీ గుర్రాలెక్కారు, జులై నెలలో జోధ్‌పూర్ రెండవసారి వారి చేతికి వచ్చింది.