ఇస్రో ఐ-3కె ఉపగ్రహ బస్: చట్రం గట్టిది, చూసుకోవాల్సింది కరెంటు

2005లో ఎగిరిన ఇన్‌శాట్-4ఎ మొదలు 2020 నాటి జీశాట్-30 దాకా ఇస్రో పెద్ద కమ్యూనికేషన్ ఉపగ్రహాలు చాలావరకు ఐ-3కె బస్ మీద కట్టినవే. బస్ అంటే ట్రాన్స్‌పాండర్లు (భూమి నుంచి వచ్చిన సిగ్నల్‌ని బలపరిచి తిరిగి కిందికి పంపే పరికరాలు), యాంటెనాలు తీసేశాక మిగిలేదంతా: చట్రం, ఇంధన ట్యాంకులు, సోలార్ రెక్కలు, బ్యాటరీలు, ఉపగ్రహాన్ని భూమి వైపు నిలిపి ఉంచే చక్రాలు. బరువు మూడు టన్నుల తరగతి. కరెంటు గరిష్ఠంగా 6,500 వాట్లు.

ముందు మెచ్చుకోవాల్సింది ప్రొపల్షన్‌ని, అంటే ఉపగ్రహాన్ని నెట్టే ఏర్పాటుని. జీశాట్-10 రాకెట్ ఎక్కినప్పుడు 3,400 కిలోలు. ఇంధనం తీసేస్తే 1,498. అంటే సగానికి పైగా మోసుకెళ్లింది ఇంధనమే. అందులో పెద్ద వాటా 440 న్యూటన్ల ఇంజిన్ తాగేస్తుంది. దాన్ని మామూలుగా మూడు విడతలుగా మండించి, కోడిగుడ్డు ఆకారపు కక్ష్యను 36,000 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా చేస్తారు. మిగిలినదాన్ని చిన్న థ్రస్టర్లు ఏళ్ల తరబడి పొదుపుగా వాడతాయి. ఆ నిల్వ అయిపోతే, ట్రాన్స్‌పాండర్లు ఎంత బాగున్నా సర్వీసు ముగిసినట్టే. కరెంటు సాయంతో కొద్దిపాటి ఇంధనాన్నే వేగంగా చిమ్మి నెట్టే విద్యుత్ ప్రొపల్షన్ ఉంటే ఈ బరువు బాగా తగ్గేది. ఇస్రో దాన్ని 2017లో జీశాట్-9 మీద పెట్టి చూసింది. ఐ-3కెకి వయసు కనిపించేది ఇక్కడే.

బలహీనత మాత్రం కరెంటు సరఫరాలో ఉంది. దీనికి తగిలిన రెండు పెద్ద దెబ్బలూ అక్కడే తగిలాయి. మొదటిది యూరప్ ఉపగ్రహ సర్వీసుల సంస్థ యుటెల్‌శాట్ కోసం అక్కడి తయారీ సంస్థ ఆస్ట్రియంతో కలిసి చేసిన డబ్ల్యూ2ఎం. 2008 డిసెంబరు 20న ఎగిరింది. నెల తిరిగేసరికి విద్యుత్ వ్యవస్థలో లోపం వచ్చింది, యుటెల్‌శాట్ దాన్ని అనుకున్న సర్వీసులోకి తీసుకోలేదు. పదిహేనేళ్లు పనిచేయాల్సిన ఉపగ్రహం అది. విదేశీ కొనుగోలుదారు ముందు ఇంతకంటే పెద్ద నష్టం ఉండదు.

రెండోది మన ఇళ్లలో తెలిసింది. 2010 జులైలో ఇన్‌శాట్-4బికి ఒక సోలార్ రెక్క వైపు కరెంటు అందడం ఆగింది. ఉన్నవి రెండే రెక్కలు, కాబట్టి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. దాని మీద నడిచే డీటీహెచ్ సంస్థ సన్ డైరెక్ట్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి 91.5 డిగ్రీల్లోని మలేసియా ఉపగ్రహం మీసాట్-3కి మారింది. రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, 60 సెంటీమీటర్ల డిష్ తిప్పకపోతే సిగ్నల్ దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది.

రెక్కలు రోజుకొక చుట్టు సూర్యుడి వెంట తిరుగుతాయి. తిరిగే రెక్క నుంచి నిలకడగా ఉన్న ఒంట్లోకి కరెంటు రావాల్సింది స్లిప్ రింగుల (తిరుగుతూనే తాకుతూ కరెంటు అందించే లోహపు కడియాల) మీదుగా. అక్కడో, ఆ తర్వాతి వైరింగులోనో తేడా వస్తే ఒక వైపు మొత్తం పోతుంది. బాగుచేయడానికి మనిషి వెళ్లలేడు. పైగా మార్చి, సెప్టెంబరుల చుట్టూ దాదాపు 45 రోజుల చొప్పున, ఉపగ్రహం రోజూ కాసేపు భూమి నీడలోకి వెళ్లే గ్రహణాల కాలం ఉంటుంది. అప్పుడు రోజుకు గరిష్ఠంగా 72 నిమిషాలు బ్యాటరీయే దిక్కు. పాత నికెల్-హైడ్రోజన్ బ్యాటరీల స్థానంలో జీశాట్-8 నుంచి లిథియం-అయాన్ పెట్టడం సరైన మార్పు.

అయినా దీన్ని తీసిపారేయలేం. అంత దెబ్బ తిన్న ఇన్‌శాట్-4బి ఆ తర్వాత కూడా పదకొండేళ్లకు పైగా నిలిచింది. 12 ఏళ్లకని పంపినది 14 ఏళ్లు దాటింది. 2022 జనవరిలో దాచిన ఇంధనంతోనే దాన్ని 340 కిలోమీటర్లు పైకి నెట్టి, దారికి అడ్డులేకుండా చేసి ఆపేశారు.

దీని మీద ట్రాన్స్‌పాండర్లు అద్దెకు తీసుకునే ఛానెళ్లు, డీటీహెచ్ సంస్థలు ధర కంటే ముందు రెండు సంగతులు అడగాలి. ఒక రెక్క పోతే ఏ ట్రాన్స్‌పాండర్లు ముందు ఆపుతారు, మనది ఆ వరుసలో ఎక్కడుంది? అదే స్థానంలో తోడు ఉపగ్రహం ఉందా? 83 డిగ్రీల్లో ఇన్‌శాట్-4ఎ పక్కన జీశాట్-10ని నిలిపారు, తర్వాత జీశాట్-30ని తెచ్చారు. అలాంటి చోట ఒకటి చతికిలపడినా, ప్రేక్షకుడు డిష్ ముట్టుకోకుండానే పక్కదానికి మార్చే వీలుంటుంది.