పాలపిట్ట నీలాన్ని పట్టిచ్చిన గ్రే కార్డు
దసరా నాడు అందరం వెతికే పాలపిట్ట రెక్క విప్పితే కనిపించే ఆ నీలం నా ఫోటోల్లో ఎప్పుడూ ఊదాగానో వెలిసిపోయినట్టో వచ్చేది. నిజానికి అది రంగుపదార్థం కాదు, ఈకల సూక్ష్మ నిర్మాణంలో కాంతి చెదరడం వల్ల పుట్టే నీలం. వెలుగుని బట్టి రంగుల్ని కెమెరాయే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌ని నమ్మి విసిగిపోయి 18 శాతం గ్రే కార్డు, అంటే పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిదరంగు అట్ట, కొన్నాను. పిట్ట మీద పడే వెలుగులోనే కార్డుని ఒక ఫోటో తీసుకుని, తర్వాత రా ఫైళ్లని (కెమెరా రంగులు ఖాయం చేయకుండా దాచే అసలు ఫోటో ఫైళ్లని) దాన్నిబట్టి సరిచేస్తే నేను కళ్లతో చూసిన నీలమే వచ్చింది, ఎంత సంతోషమేసిందో! మబ్బు కమ్మితే వెలుగు మారుతుంది కాబట్టి కార్డు ఫోటో మళ్లీ తీయాల్సిందే. చెట్టు నీడలో తీస్తే ఆకుల పచ్చదనం కార్డు మీదా పడుతుంది, పిట్ట ఎండలో ఉంటే అది పనికిరాదు. కొనేటప్పుడు మెరుపు లేనిది, వైట్ బ్యాలెన్స్‌కి పనికొచ్చేది అడిగి తీసుకోండి.