గోల్కొండ వజ్రాల కోసం వచ్చినవాళ్ల సమాధులు: చెన్నైలో ఒక పూట

చెన్నై వెళ్లే తెలుగువాళ్లు లాయిడ్స్ రోడ్డులోని యూదుల శ్మశానానికి ఒక పూట కేటాయించడం దండగ కాదు. కొచ్చి యూదుల వీధిలా ఉంటుందనుకుంటే మాత్రం నిరాశే. ఇక్కడ ప్రార్థనా మందిరం లేదు, టికెట్ కౌంటర్ లేదు, సమాధులు ఇరవై లోపే. కానీ వాటి వెనకున్న కథ మన కృష్ణా ఒడ్డుది.

17వ శతాబ్దంలో లండన్ నుంచి, ఇటలీలోని లివోర్నో నుంచి వచ్చిన పోర్చుగీసు మూలాల యూదులు ఇక్కడ పగడాలు అమ్మి గోల్కొండ వజ్రాలు కొనేవారు. ఆ గనుల్లో పేరుమోసిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లకింద ఉంది. వాళ్లలో పెద్దమనిషి జాక్ డి పైవా పెద్దనాయకన్‌పేటలో, అంటే ఇప్పటి మింట్ స్ట్రీట్ దక్షిణపు కొసన, తమవాళ్లకు శ్మశానం ఏర్పాటు చేశాడు. గోల్కొండ గనులకు వెళ్లొచ్చి 1687లో చనిపోతే ఆయన్నీ అక్కడే పూడ్చారు. మరుసటి ఏడు మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్‌మెన్‌లో, అంటే నగర పాలక సభ్యుల్లో, ముగ్గురు యూదు వర్తకులే. 20వ శతాబ్దంలో ఆ చోటు పోయింది. సమాధి రాళ్లు చోట్లు మారి చివరికి లాయిడ్స్ రోడ్డు చేరాయి. అందుకే మింట్ స్ట్రీట్‌లో వెతకొద్దు.

ఎల్ఐసీ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి. రోడ్డు బోర్డు మీద అవ్వై షణ్ముగం సాలై అని ఉంటుంది, పాత పేరూ చెప్పండి. గేటుకు తాళం ఉండొచ్చు, ముందే అనుమతి అడిగి పెట్టుకోవడం మేలు. శనివారం యూదుల విశ్రాంతి దినం, ఆ రోజు వద్దు. మగవాళ్లు తలకు టోపీ పెట్టుకోవాలి. పూలకు బదులు చిన్న గులకరాయి పెట్టడం వాళ్ల ఆచారం.

అరిగిన అక్షరాల మీద సుద్ద రుద్దితే రాయి పాడవుతుంది. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా పట్టండి, గాట్లు నీడలతో పైకి తేలతాయి. హీబ్రూ ఏడాదిని అంకెలకు బదులు అక్షరాలతో, వేలు వదిలేసి రాస్తారు. తావ్ 400, మేమ్ 40, జాయిన్ 7 కలిపితే 447. దానికి 1240 కలపండి, 1687 వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొత్త ఏడు మొదలవుతుంది కాబట్టి అప్పటి నుంచి డిసెంబరు ఆఖరులోపు చనిపోయినవాళ్లకు ఒకటి తగ్గించాలి.

బసకు తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్)లో మాన్షన్లనే లాడ్జీలు చవక, దగ్గర. కుటుంబంతో అయితే ఎగ్మోరే నయం, గదులు కాస్త విశాలం. మిగిలిన పూటకు సెయింట్ జార్జ్ కోట మ్యూజియం చూడండి. శుక్రవారం సెలవు, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.