హైస్కూల్లో సగం రోజు సీటీఈ సెంటరా, నిండా ఏపీ క్లాసులా, కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లా: ఏది మేలు?

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో పిల్లలు పదో గ్రేడుకి వచ్చేసరికి ఒకటే టెన్షన్. వచ్చే ఏడాది ఎన్ని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు తీసుకోవాలి, అంటే మనం ఏపీలు అనే కాలేజీ స్థాయి క్లాసులు, క్లాసులో ర్యాంకు ఎంతకి పడిపోతుంది, ఫలానా వాళ్ళబ్బాయి ఎన్ని తీసుకున్నాడు. అదే సమయంలో కౌన్సెలర్ దగ్గర్నుంచి ఇంకో కాగితం కూడా వస్తుంది, స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళ కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ సెంటర్‌కి, అంటే వృత్తి పనులు నేర్పే సీటీఈ సెంటర్‌కి, అప్లై చేసుకోవచ్చని. ఆ కాగితాన్ని మనవాళ్ళలో చాలామంది తెరిచి కూడా చూడరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పిల్లకో పిల్లాడికో ఒక వృత్తి మీద కాస్తయినా మనసు ఉంటే ఆ సెంటరే మేలు, ముఖ్యంగా వైద్యం వైపు వెళ్దామనుకునేవాళ్ళకి. అయితే ఒకరిద్దరు రకాల పిల్లలకి మాత్రం వద్దనే చెబుతాను, ఎవరికో కిందకి వచ్చాక రాస్తాను.

అసలు అక్కడ ఏం జరుగుతుందో తెలియకే ఎక్కువ భయం. మేముండే డాలస్ వైపు ఫ్రిస్కోలో సీటీఈ సెంటర్ 2008లో తెరిచారు. పిల్లలు తమ హైస్కూల్లోనే ఉంటారు, ఇంగ్లిషు, మ్యాథ్స్, హిస్టరీ అక్కడే, డిప్లొమా కూడా ఆ స్కూల్ పేరు మీదే వస్తుంది. రోజులో రెండు మూడు పీరియడ్లు మాత్రం బస్సెక్కి సెంటర్‌కి వెళ్తారు. వర్జీనియాలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఆష్‌బర్న్ పక్కనే, లీస్‌బర్గ్‌లో, 2018లో అకాడమీస్ ఆఫ్ లౌడన్ మొదలైంది, అక్కడ రోజు విడిచి రోజు పద్ధతి. మసాచుసెట్స్‌లో సంగతి వేరు. అక్కడ వృత్తి విద్యకి పూర్తి హైస్కూళ్ళే ఉన్నాయి, ఒక వారం చదువు, ఒక వారం షాపు, అంటే పని నేర్పే వర్క్‌షాప్, తొమ్మిదో గ్రేడులో అన్ని షాపులూ తిరిగి చూసి ఒకటి ఎంచుకోవాలి. అది సగం రోజు ఏర్పాటు కాదు, పిల్లాడు స్కూలే మారిపోతాడు, కాబట్టి ఆ నిర్ణయానికి ఇంకాస్త ఎక్కువ ఆలోచించాలి.

మా పెద్దమ్మాయి హెల్త్ సైన్స్‌లో చేరిందని తెలిసి హైదరాబాద్ నుంచి మా పెద్దత్త ఫోన్ చేసింది. "ఏమ్మా, పిల్లని ఐటీఐలో వేశారటగా, మార్కులేమైనా తగ్గాయా?" అంది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర పదో తరగతి అయ్యాక ఎంపీసీ, బైపీసీ ఒక దారి, పాలిటెక్నిక్, ఐటీఐ ఇంకో దారి. పాలిటెక్నిక్ చదివినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, నిజమే, కానీ పదిహేనేళ్ళ వయసులో ఒక దారి పడితే రెండో దారికి రావడం కష్టమనే లెక్క మన బుర్రల్లో ఉండిపోయింది. ఇక్కడ సగం రోజు సెంటర్ అలా దారి మళ్ళించదు. అదే పిల్ల పొద్దున ఏపీ బయాలజీ చదివి మధ్యాహ్నం సెంటర్‌లో మంచం మీద ఉన్న పేషెంట్‌ని ఎలా పక్కకి తిప్పాలో నేర్చుకుంటుంది, తర్వాత నాలుగేళ్ళ యూనివర్సిటీకే అప్లై చేస్తుంది.

ఏపీలకి నేను వ్యతిరేకిని కాను. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా ఏపీ పరీక్షలో 5కి 3 వస్తే చాలు క్రెడిట్ ఇవ్వాలి, అంటే ఆ కోర్సు కాలేజీలో చదివినట్టే లెక్క వెయ్యాలి, 2015 నాటి చట్టం అది. పరీక్ష ఫీజు సుమారు 100 డాలర్లు, కాలేజీలో అదే కోర్సుకి కట్టేదాంతో పోలిస్తే ఏమీ కాదు. పైగా పేరున్న యూనివర్సిటీలు మీ స్కూల్లో దొరికే కష్టమైన క్లాసులు తీసుకున్నావా లేదా అని చూస్తాయి. నా బాధల్లా ఆ ఏపీల ఎంపిక ఎలా జరుగుతోందన్న దాని మీదే. ఆర్ట్ హిస్టరీ మీద ఇష్టం లేని పిల్లాడు ఆర్ట్ హిస్టరీ తీసుకుంటాడు, పర్యావరణం మీద ఆసక్తి లేనివాడు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంటాడు, ఎందుకంటే దానికి వెయిట్, అంటే ర్యాంకు లెక్కలో కలిసే పాయింట్లు, ఎక్కువ. పన్నెండో గ్రేడు అయ్యేసరికి పదిపన్నెండు ఏపీలు చేతిలో ఉంటాయి, నీకేం చెయ్యాలనుంది నాన్నా అంటే మాత్రం జవాబుండదు.

అయినా ర్యాంకు సంగతి కొట్టిపారేయలేం. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. యూటీ ఆస్టిన్‌లో, అంటే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో, సీటు దానంతటదే రావాలంటే క్లాసులో మొదటి 6 శాతంలో ఉండాల్సి వచ్చేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ళ నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. ఫ్రిస్కో లాంటి చోట ఏపీ క్లాసుకి 6.0, మామూలు క్లాసుకి 5.0 లెక్క. సీటీఈ క్లాసుల్లో పైస్థాయివి కొన్నిటికి ఎక్కువ వెయిట్ ఉన్నా, మొదటి మెట్టువి మామూలు స్కేలులోనే పోతాయి. కాబట్టి మీ అబ్బాయి ఆ 5 శాతం గీత మీదే ఊగుతూ ఉండి, వాడికి కావలసింది ఆస్టిన్‌లో సీటే అయితే, సెంటర్ వద్దు. ఆ గీతకి బాగా కింద ఉన్న పిల్లలకి, అంటే మనవాళ్ళలో చాలామందికి, అర పాయింటు కోసం ఈ అవకాశం వదులుకోవడంలో నాకు అర్థం కనిపించదు. ఇరవయ్యో శాతంలో ఉన్నా ఇరవై రెండో శాతంలో ఉన్నా ఆటోమేటిక్ అడ్మిషన్ ఎలాగూ రాదు కదా.

కమ్యూనిటీ కాలేజీ డ్యూయల్ క్రెడిట్ మూడో దారి, అంటే హైస్కూల్లో ఉండగానే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ కోర్సు చదివితే అది రెండు చోట్లా లెక్కకి వస్తుంది. మా వైపు కాలిన్ కాలేజీ. ఒకే పరీక్ష మీద అంతా ఆధారపడదు, సెమిస్టర్ పొడుగునా చదివితే గ్రేడూ క్రెడిటూ వస్తాయి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ గంటల కోర్ కరికులమ్, అంటే అందరూ చదవాల్సిన మొదటి కోర్సులు, ఉమ్మడిగా ఉంది కాబట్టి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీకి వెళ్తే ఆ క్రెడిట్లు చక్కగా చెల్లుతాయి. వేరే రాష్ట్రానికో ప్రైవేటు యూనివర్సిటీకో వెళ్తే గ్యారంటీ లేదు, ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంకో విషయం, అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది, పదహారేళ్ళప్పుడు తెచ్చుకున్న సి గ్రేడు మెడికల్ స్కూల్‌కి అప్లై చేసేటప్పుడు కూడా చూపించాలి. డబ్బు ఆదా చెయ్యడమే మీకు ముఖ్యమైతే ఇదే మంచి దారి.

సెంటర్ వైపు నేను ఎందుకు మొగ్గుతానంటే, అక్కడ పిల్లలకి పని నిజంగా ఎలా ఉంటుందో తెలుస్తుంది. నర్సుకి సాయంగా పేషెంట్లని చూసుకునే నర్స్ ఎయిడ్ సర్టిఫికెట్‌నే తీసుకోండి. ఫెడరల్ నియమం ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, టెక్సస్‌లో 100 గంటలు, అందులో కొంత నర్సింగ్ హోమ్‌లో నిజమైన మనుషుల దగ్గర చెయ్యాలి. మా అమ్మాయి ఫార్మసీ చేద్దామని వెళ్ళింది. ముసలివాళ్ళకి అన్నం తినిపించి, బీపీ చూసి, బట్టలు మార్చి, వాళ్ళ కబుర్లు విని, నర్సింగే చేస్తానని వచ్చింది. ఆమెతో చేరిన స్నేహితురాలు డాక్టర్ అవ్వాలనుకున్న పిల్ల, ఆ వాసనలు, ఆ ఏడుపులు తన వల్ల కావని తెలుసుకుని కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్ళిపోయింది. నా దృష్టిలో ఇద్దరికీ సమానంగా లాభమే. ఆ రెండో పిల్ల అదే సంగతి ప్రీమెడ్, అంటే మెడికల్ స్కూల్‌కి ముందు చదివే డిగ్రీ, మూడో ఏడాదిలో, అంత ఫీజు కట్టాక తెలుసుకుని ఉంటే ఆ ఇంట్లో ఎంత బాధ! ఇంజినీరింగ్ వైపు వెళ్ళేవాళ్ళకి కూడా ఇంతే, వెల్డింగ్ చేసిన పిల్లాడికీ సర్క్యూట్ సోల్డర్ చేసిన పిల్లకీ తర్వాత కాలేజీ ల్యాబ్‌లో చెయ్యి వణకదు.

కష్టాలు లేవని అనను. బస్సు ప్రయాణానికి రోజూ సమయం పోతుంది. ఏపీ ఫిజిక్స్ సి లాంటివి చాలా స్కూళ్ళలో ఒక్క పీరియడ్‌లోనే ఉంటాయి, అదే పీరియడ్‌కి మీ పిల్ల సెంటర్‌లో ఉండాల్సి వస్తే ఒకటి వదులుకోవాలి. ఆర్కెస్ట్రా, బ్యాండ్ పిల్లలకీ ఇదే చిక్కు. స్పానిష్ నాలుగో ఏడాది కూడా ఇలాగే జారిపోతుంది.

హెచ్‌4 వీసా మీద, అంటే హెచ్‌1బీ ఉద్యోగం మీద వచ్చిన తల్లిదండ్రుల వెంట ఉన్న పిల్లల సంగతి ఎవరూ ముందు చెప్పరు, కౌన్సెలర్లకి కూడా చాలామందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నాను. సెంటర్‌లో చేరడానికి వీసా అడ్డు కాదు. కానీ హెచ్‌4 పిల్లలకి పని చేసే అనుమతి ఉండదు, కాబట్టి జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్, కో-ఆప్, అప్రెంటిస్‌షిప్ ఏవీ వాళ్ళు చెయ్యకూడదు. పైగా సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు, కొన్ని లైసెన్సు ఫారాల్లో ఆ నంబర్ అడుగుతారు. చదువంతా పూర్తి చేసి చివర్లో పరీక్షకి కూర్చోలేకపోతే పిల్లకి ఎంత నిరాశగా ఉంటుందో ఆలోచించండి. కాబట్టి హెచ్‌4 పిల్లలకి సర్టిఫికెట్ కోసం కాకుండా నేర్చుకోవడం కోసం చేరమని చెప్పండి, లేదా డ్యూయల్ క్రెడిట్ వైపు చూడండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్న పిల్లలకి ఈ అడ్డేమీ లేదు.

చాలాచోట్ల అప్లికేషన్లు చలికాలంలోనే, వచ్చే ఏడాది క్లాసులు ఎంచుకునే సమయంలోనే తీసుకుంటారు, ఏడాది చివర్లో అడిగితే సీట్లుండవు. ఓపెన్ హౌస్ పెట్టినప్పుడు పిల్లని వెంట తీసుకెళ్ళండి, మీరు ముందుండి మాట్లాడొద్దు, ప్రశ్నలు పిల్లనే అడగనివ్వండి. మీరు మాత్రం అక్కడి టీచర్‌ని మూడు సంగతులు అడిగి రాసుకోండి: ఈ కోర్సుకి వెయిట్ ఎంత, ఏ పీరియడ్లలో ఉంటుంది, చివరి పరీక్ష రాయడానికి ఏ కాగితాలు కావాలి.