ఎంజీబీతో పద్నాలుగేళ్లు: కొన్నప్పుడు ఎరుపు, ఇప్పుడు నీలం

ఈ కారులో తాళం తిప్పగానే ఇంజను కంటే ముందు వెనక చక్రం దగ్గర టిక్‌టిక్‌మని చప్పుడు మొదలవుతుంది. అది ఎస్‌యూ పెట్రోలు పంపు. కార్బురేటర్లు రెండూ నిండగానే నెమ్మదిస్తుంది. నెమ్మదించలేదంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, పెట్రోలు ఎక్కడో కారుతూనైనా ఉండాలి. పద్నాలుగేళ్లుగా రోజు ఎలా గడుస్తుందో నాకు ముందు చెప్పేది ఆ టిక్‌టిక్కే.

బండి 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే గట్టి పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటాను. 2010 వసంతంలో 4,800 పౌండ్లు పెట్టి కొన్నాను. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. ఎండ కాస్తోంది, టాప్ తీసి ఉంది, అమ్మేవాడు టీ ఇచ్చాడు. అంతే, పడిపోయాను. ఫ్రిజ్ మీదుండే అయస్కాంతం ఒక్కటి జేబులో వేసుకుని వెళ్లుంటే చాలా డబ్బు మిగిలేది. రేకు మీద అతుక్కుంటుంది, పుట్టీ మీద అతుక్కోదు. ఆ చిన్న సంగతి నాకు తెలియక కాదు, ఆ రోజు గుర్తుకు రాలేదు.

మూడేళ్లు బాగానే తిరిగాను. 2013లో ఇంటి ముందు టైరు మారుద్దామని తలుపు కింద జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. జాకీ పైకి వెళ్తోంది, కారు మాత్రం లేవట్లేదు. అప్పడం నలిగినట్టు కరకరమని చప్పుడు. వంగి చూస్తే జాకీ తల కారు లోపలికి దిగబడిపోయి ఉంది, కింద గోధుమరంగు పొడి కుప్ప. పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనన్నమాట.

ఎంజీబీకి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ. రోడ్‌స్టర్‌కి పైకప్పు కూడా లేదు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టి ఉంచే బరువంతా తలుపుల కింద ఉండే సిల్స్ మీదే పడుతుంది. బయటికి కనపడేది ఒక రేకు, దాని వెనక నిలువుగా మరొకటి, లోపల ఇంకొకటి. నా కారుకి బయటి రేకు మీద ఎవరో పల్చటి కొత్త రేకు తొడిగి, అంచులకు పుట్టీ పూసి, ఎర్ర రంగు కొట్టారు. లోపల ఉన్న మూడూ తుప్పే.

మొదట దగ్గరున్న ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. పేరు అనవసరం. ఎనిమిది నెలలు ఉంచుకున్నారు. తలుపు చట్రానికి అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డింగ్ చేసి, బాడీ వంగకుండా పట్టి ఉంచాకే పాత సిల్ కోయాలి. వాళ్లు ఆ కడ్డీలు పెట్టకుండానే కోశారు. బండి ఇంటికొచ్చాక డ్రైవరు వైపు తలుపు మూస్తే కింద అంచు సరిపోతుంది, పైన వేలు పట్టేంత సందు. అడిగితే "పాత కార్లు ఇంతే" అన్నారు. అన్ని పాత కార్లూ ఇలా ఉండవని నాకు అప్పటికే తెలుసు. మా ఆవిడ మాత్రం ఆ మాట ఇప్పటికీ వాడుతుంది, నేను నడుం నొప్పి అన్నప్పుడల్లా.

బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి పాత అచ్చులతోనే ఎంజీబీకి సరికొత్త బాడీ మొత్తం తయారు చేసి అమ్ముతున్నారు. అది కొనేయాలని ఒకటి రెండు రాత్రులు ఆలోచించాను. నా జేబుకి అందలేదు. చివరికి ఒక్కడే పనిచేసుకునే ఒక పెద్దాయన దొరికాడు. ఆయన బండిని ఏడాదిన్నర ఉంచుకున్నాడు గానీ, నెలనెలా ఫొటోలు పంపాడు. రెండువైపులా సిల్స్, ముందు వెనక రెక్కల (చక్రాల మీది రేకుల) కింది భాగాలు, నేల రేకులు అన్నీ కొత్తవి పడ్డాయి. ఆ తలుపు సందు కూడా చాలావరకు సర్దుకుంది, పూర్తిగా మాత్రం కాదు.

రంగు సంగతి అప్పుడే బయటపడింది. డ్యాష్‌బోర్డు ఊడదీస్తే వెనక నీలం. ఎవరూ తాకని చోట, యాభై ఏళ్ల కింద కొట్టింది కొట్టినట్టే ఉంది. గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటర్ మ్యూజియం వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ రికార్డులున్నాయి. ఫీజు కట్టి ఛాసీ నంబరు పంపితే సర్టిఫికెట్ ఇస్తారు. నాది వచ్చింది: అప్పటి ఎంజీ ఫ్యాక్టరీ ఊరు అబింగ్డన్‌లో తయారీ, రంగు టీల్ బ్లూ. ఎరుపుకి అలవాటైన మా పాప గోల చేసింది గానీ నీలమే కొట్టించాను.

కారుతో పాటు వచ్చిన ఫైలు ఆ శీతాకాలమంతా చదువుకున్నాను. నాకంటే ముందు ఐదుగురు. అందులో ఒకరు ఒక చిన్న నోటుబుక్కులో పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, మైళ్లు, ధర రాసిపెట్టారు, తొమ్మిదేళ్ల పాటు. మీటరుకి అయిదంకెలే, లక్ష దాటితే మళ్లీ సున్నా. నేను కొన్నప్పుడు 41,000 చూపించింది. పాత ఎంఓటీ (ఏటా చేసే బండి తనిఖీ) కాగితాలు వరుసగా పేరిస్తే అది 1,41,000 అని తేలింది. ఇలాంటి కారు కొనేవాళ్లు రంగు చూడటానికి పట్టే టైముకి రెండింతలు ఫైలు చూడటానికి పెట్టండి. ఫైలే లేకపోతే ధర తగ్గించి అడగండి.

ఇంజను గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అదే దాని గొప్ప. 1798 సీసీ, బీ సిరీస్. స్పార్క్ కోసం ఉండే పాత పాయింట్లు, కండెన్సరు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాక నన్ను రోడ్డు మీద వదిలేసింది ఒక్కసారే. ఓవర్‌డ్రైవ్ (టాప్ గేరు పైన ఇంకో గేరులాంటిది) ఉన్న బండే చూసుకోండి. గంటకు 60 మైళ్ల దగ్గర అది వేస్తే ఇంజను నిమిషానికి సుమారు 3,300 చుట్ల నుంచి 2,700కి దిగుతుంది. అది లేకుండా మోటర్‌వే మీద గంటసేపు వెళ్తే చెవులు పనిచేయవు.

2016లో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఇరవై ఏళ్లు అంబాసిడర్ నడిపిన మనిషి. చోక్ లాగి స్టార్ట్ చేశాను. ఆయన గేటు దగ్గరే ఆగిపోయి, "ఒరేయ్, ఇది మన బండి చప్పుడురా" అన్నారు. నిజమే. అంబాసిడర్‌లో ఉండేదీ బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ ఇంజనే, 1489 సీసీది. దాన్నే పెంచి ఎంజీబీకి పెట్టారు. అక్కడ టాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) చప్పుడు తగ్గించుకోవడానికి ఆయన ఏం చేసేవారో అదే ఇక్కడా చేశారు: బానెట్ ఎత్తి, టాపెట్ కవరు విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్ అడిగారు. నాకు స్పానర్లు అందించే పని మాత్రమే మిగిలింది. అంత దూరం వచ్చి లండన్ చూడకుండా మూడు రోజులు గరాజులోనే ఉన్నారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ కార్లకు కరెంటు సామాన్లు చేసిన లూకస్ కంపెనీ వైరింగ్ మీద ఇక్కడ బోలెడు జోకులున్నాయి. నా అనుభవంలో తప్పు వైర్లది కాదు, వాటిని కలిపే చోట పట్టే తుప్పుది. ఎర్త్ పాయింట్లన్నీ గీకి శుభ్రం చేస్తే సగం రోగాలు పోతాయి. సీట్ల వెనక నేల కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుండేవి. తీసేసి ఒకే పన్నెండు వోల్టులది పెట్టాను.

ఖర్చు: బాగుచేతకే పద్నాలుగు వేల పౌండ్లు దాటింది. కొన్న ధర కూడా కలిపితే, ఇవాళ అమ్మినా అంత రాదు. 1973 జనవరి 1కి ముందు తయారైన బండి కాబట్టి కొన్ననాటి నుంచీ రోడ్డు పన్ను లేదు. 2018 నుంచి నలభై ఏళ్లు దాటినవాటికి ఎంఓటీ కూడా తప్పనిసరి కాదు, అయినా ఏటా చేయిస్తాను. బ్రేకులు ఇంకొకరు చూస్తే నాకు నిద్ర పడుతుంది. 2021లో ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసిన) పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చి, ఇథనాల్ తక్కువుండే ఖరీదైన ఈ5 పోస్తున్నాను. గ్యాలనుకి 27 మైళ్లు ఇస్తుంది. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే నెలల్లో అసలు బయటికి తీయను.

క్రోమ్ బంపరా, 1974 చివర్లో వచ్చిన నల్ల రబ్బరు బంపరా అని చాలామంది అడుగుతారు. అమెరికా నిబంధనల కోసం రబ్బరు బంపరు బండిని ఎత్తు పెంచారు, మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది. అయినా తుప్పుపట్టిన క్రోమ్ బంపరు బండి కంటే గట్టి రబ్బరు బంపరు బండే కొనమంటాను. ఈ మాట ఎంజీ ప్రియుల దగ్గర అంటే మొహం చిట్లిస్తారు.

ఈ ఏడు కింగ్‌పిన్‌లు (ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కడ్డీలు) మార్చాలి, సామాన్లు గరాజులో పెట్టెలో ఉన్నాయి. హీటరు దగ్గర చేరే వాన నీళ్లు బయటికి పోయే రబ్బరు గొట్టం రెండుసార్లు మార్చాను. వాన పడితే డ్రైవరు కాళ్ల దగ్గర ఇంకా తడే.