ఉప్పుకూ ఇసుకకూ నిలిచే రీలు

గాలం దారం చుట్టే రీలు కొనడానికి వెళ్లినప్పుడు పెట్టె మీద ‘10+1 బేరింగులు’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటే, ఆ పెట్టెను అక్కడే పెట్టి వచ్చేయమంటాను. మైపాడు, కొత్తకోడూరు, అప్పుడప్పుడు ఒంగోలు వైపు కొత్తపట్నం తీరాల్లో కొన్నేళ్లుగా ఒడ్డున నిలబడి గాలం వేస్తున్నాను. చెరువు గట్టున బేరింగులు ఎక్కువ ఉంటే చెయ్యి హాయిగా తిరుగుతుంది, నిజమే. సముద్రంలో మాత్రం బేరింగులు ఎన్ని ఉంటే తుప్పు పట్టే చోట్లు అన్ని. దుకాణంలో అడగవలసింది వాటి లెక్క కాదు, లోపలికి ఉప్పునీరు పోకుండా ఏమి అడ్డం పెట్టారన్నది.

నేను వాడుతున్నది పెన్ కంపెనీ స్పిన్‌ఫిషర్ 6లో 6500 సైజు. పన్నెండడుగుల రాడ్డు, 30 పౌండ్ల బలం ఉన్న బ్రెయిడు (పోగులతో అల్లిన దారం), దాని చివర కట్టే లావుపాటి నైలాన్ ముక్క అయిన లీడరు, నూరు గ్రాముల పైచిలుకు సీసం. ఇంతకుముందు వాడిన రెండువేల రూపాయల రీలు కూడా ఇంట్లోనే ఉంది. దాని పేరు ఇక్కడ అనవసరం. పోల్చి చెప్పడానికి మాత్రం పనికొస్తోంది.

ముందు పెట్టెల మీద కనిపించే ‘సీల్డ్’, అంటే నీరు చొరకుండా మూసినది, అనే మాట సంగతి. స్పిన్‌ఫిషర్ 6కు ఐపీఎక్స్5 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం 6.3 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున నీటిని చిమ్మినా లోపల చెడిపోకూడదు. అలల తుంపర్లకు, మోకాలి లోతులో నిలబడినప్పుడు మీద పడే నీటికి ఇది చాలు. అంతేగాని రీలును నీళ్లలో ముంచవచ్చని దాని అర్థం కాదు. ముంచినా తట్టుకోవాలంటే చూడవలసింది ఐపీఎక్స్7, 8 అంకెలను. ఈ పరీక్షలన్నీ మంచినీళ్లతో చేసేవి, ఇసుక ఊసు వాటిలో లేదు. మన తీరంలో రీలును చంపేది ఎక్కువగా ఇసుకే. చేపను విడిపించే హడావిడిలో రాడ్డును నేలమీద పడేశామంటే ఏ ప్రమాణమూ కాపాడదు. రీలు కొన్న రోజే ఇసుకలో గుచ్చే పైపు కూడా ఒకటి కొనండి, మూడడుగులకు తక్కువ లేకుండా.

అన్నిటికంటే ముందు పాడయ్యే భాగం గురించి కొనేవాళ్లు అసలు అడగరు. దారాన్ని పట్టి చుట్టించే వంపు తీగను బెయిల్ అంటారు. దాని చివర, దారం మలుపు తిరిగే చోట చిన్న కప్పీ ఉంటుంది. దాన్నే లైన్ రోలర్ అంటారు. ప్రతి అంగుళం దారమూ ఉప్పును, సన్నటి ఇసుకను మోసుకుంటూ దాని మీదుగానే లోపలికి వస్తుంది. కప్పీ బిగుసుకుపోతే దారం ఒకే చోట రాసుకుని అక్కడ గాడి పడుతుంది. ఆ తరువాత బ్రెయిడు పోగులు లేస్తాయి, ఒకనాడు విసిరే ఊపులోనే తెగి సీసం ఒక్కటే సముద్రంలోకి పోతుంది. పాత రీలుకు రెండో వేసవిలోనే ఈ గతి పట్టింది. ఇప్పటి దానిలో కప్పీ ఇంకా తిరుగుతోంది. అయినా గాలం వేసి వచ్చిన ప్రతిసారీ దానికి ఒక చుక్క నూనె వేస్తాను, వేలితో తిప్పి చూస్తాను. దుకాణంలో కూడా తడి దారం ఒకటి దాని మీదుగా లాగి చూడండి. దారం జారుతూ కప్పీ కదలకపోతే, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా వద్దు.

ఇక దూరం. అందరూ దీని గురించే అడుగుతారు, నాకు దీని మీదే ఆసక్తి తక్కువ. ఒడ్డుకు దగ్గరగా అల విరిగే చోటికీ ఇసుక దిబ్బకూ మధ్య ఒక లోతు గాడి ఉంటుంది. గొరకలు, జెల్లలు, అదృష్టం బాగుంటే పండుగప్ప, చాలాసార్లు అందులోనే తిరుగుతాయి. నలభై యాభై మీటర్లు పడితే చాలు. అంతకు మించి కావాలంటే రీలు కంటే దారం ముఖ్యం. దారం చుట్టుకునే స్పూలును అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువ వరకు నింపాలి, బ్రెయిడు సన్నగా ఉండాలి. స్పూలులో 250 మీటర్ల దారం పడితే ధారాళం.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున నేల గాలి వీపు వెనుక నుంచి వీస్తుంది. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ముఖాన కొడుతుంది. స్పూలే గిర్రున తిరుగుతూ దారం వదిలే మల్టిప్లయర్ రీలు ఎదురుగాలిలో బొటనవేలి అదుపు తప్పితే దారమంతా గూడు కట్టేస్తుంది. చేయి తిరిగినవాళ్లకు అది ఆయుధమే. కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం విసిరేటప్పుడు స్పూలు తిరగని, నా దానిలాంటి స్పిన్నింగ్ రీలే నయం. విసిరిన తరువాత బెయిల్‌ను హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూసి, దారాన్ని కొద్దిగా బిగలాగి అప్పుడు చుట్టండి. గాలిలో పడే ముడుల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

గేరు నిష్పత్తి, అంటే హ్యాండిల్ ఒక్క తిప్పుకు దారం స్పూలుకు చుట్టుకునే చుట్ల లెక్క, 5.6 అయి, స్పూలు వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు ఉంటే, ఒక్క తిప్పుకు మీటరు పైన దారం లోపలికి వస్తుంది. సీసాన్ని దిబ్బ మీద ఇరుక్కోకుండా పైకి లేపి తేవడానికి ఈ వేగం కావాలి. మరీ ఎక్కువ నిష్పత్తి ఉన్నవి బరువు లాగేటప్పుడు మణికట్టును చంపేస్తాయి. తుపాను వెళ్లిన వారం రోజులు సరుగుడు పుల్లలు, నాచు దారానికి చుట్టుకుని వస్తాయి కదా, ఆ బరువు లాగితే నేను చెప్పేది తెలుస్తుంది.

చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొద్దికొద్దిగా వదిలే బ్రేకును డ్రాగ్ అంటారు. ఆ విషయంలో పదమూడు కిలోలు, పదిహేను కిలోలు అని ఊరించే అంకెలు పట్టించుకోవద్దు. 30 పౌండ్లంటే సుమారు 13.6 కిలోలు. డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే బిగిస్తాం, అంటే మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. ఆ బిగువులో పార చేప మొదటి పరుగు తీసినప్పుడు కుదుపు లేకుండా దారం వదలాలి. ఈ రీలులో ఉన్న కార్బన్ ఫైబర్ బిళ్లలు ఆ పని చక్కగా చేస్తున్నాయి. టేకు చేప ఇసుకకు అతుక్కుని కదలనప్పుడు డ్రాగ్ బిగించవద్దు. రాడ్డుతో లేపి, దించేటప్పుడు చుట్టుకోవాలి.

కడగడంలో మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. తీరం ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. ఇంటి నుంచి రెండు లీటర్ల మంచినీళ్లు తీసుకువెళ్తాను. డ్రాగ్ బిగించి, ధారగా కాకుండా చిలకరిస్తూ కడిగి, డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెడతాను.

లోహపు ఒళ్లున్న ఏ రీలైనా బరువే. రాడ్డును పైపులో పెట్టి ఎదురుచూసేవారికి అది లెక్కలోకి రాదు. గంటల తరబడి కృత్రిమ ఎర విసిరి లాగేవారు 4000, 5000 సైజుల్లోనే సీల్డ్ రకం చూసుకోవాలి. బకింగ్‌హాం కాలువలోనో, ఏటి మొగ దగ్గర ప్రశాంతమైన నీళ్లలోనో మాత్రమే గాలం వేసేవారికి ఇంత డబ్బు దండగ. మూడువేల లోపు రీలు కొని, మిగిలిన డబ్బు మంచి బ్రెయిడు మీద పెట్టుకోవచ్చు.